తిరుగుటపా

మేస్త్రీ కొంప ముంచింది ప్లగ్గు. ఈ మాట మేస్త్రీదే. షట్టరు మీద ఎర్ర సున్నా పడిన పొద్దుటి నుంచి కొట్టు దగ్గరికి వచ్చిన ప్రతివాళ్ళకీ ఇదే చెప్పాడు. పంపు మోటారు తెచ్చిన తోటమాలికి చెప్పాడు, వార్నిష్ డబ్బాలు దించిపోయేవాడికి చెప్పాడు, వినేవాళ్ళు లేనప్పుడు వైసులో బిగించి ఉన్న కాలిపోయిన మోటారుకి చెప్పాడు.

"స్వయానా బావమరిది. బయటివాడైతే నాలుగు తిట్టి మొహం చూడ్డం మానేద్దును. వీణ్ణేం చెయ్యను? తిట్టినంతసేపు తిట్టి, మళ్ళీ నేనే కూర్చోబెట్టి కాఫీ ఇప్పించాలి."

ప్లగ్గంటే ఇల్లాలి తమ్ముడు. చిన్నప్పుడు గోడకి ఏ కన్నం కనిపించినా అందులో ఏదో ఒకటి దూర్చేవాడని మేస్త్రీయే ఆ పేరు పెట్టాడు. ఇప్పుడు ఒక కంపెనీలో మెయిల్ సర్వర్లు చూసుకునే ఉద్యోగం చేస్తున్నాడు. కన్నాలు మారాయి గానీ దూర్చడం మానలేదని మేస్త్రీ అభిప్రాయం.

ఆ పొద్దున రంగు డబ్బా, కుంచె పట్టుకుని ఒకడు మార్కెట్ యార్డులోకి వచ్చాడు. రేకుల షెడ్లన్నీ కూలగొట్టి పక్కా గదులు కడతారన్న మాట ఎన్నాళ్ళనుంచో నలుగుతున్నదే. ఈసారి నిజమే అయింది. అతను వరసగా షట్టర్ల మీద గుర్తులు వేసుకుంటూ వచ్చాడు. చాలావాటికి టిక్కు, అక్కడక్కడా ఇంటూ. మోటార్లు చుట్టే మేస్త్రీ కొట్టుకీ, దాని పక్కనే మారుతాళాలు చేసే తాళాలాయన కొట్టుకీ వచ్చేసరికి మాత్రం కాగితం రెండుసార్లు చూసుకుని, గుండ్రంగా సున్నా చుట్టాడు.

"టిక్కంటే కొత్త గది ఉన్నట్టు. ఇంటూ అంటే ఖాళీ చెయ్యాలి" అన్నాడు.

"మరి సున్నా?"

"మీది ఇంకా తేలనట్టుంది. గది కావాలా వద్దా చెప్పమని ఆఫీసువాళ్ళు అందరికీ మెయిల్ పంపారట. మీరు జవాబివ్వలేదా?"

"నాకు మెయిలే రాలేదు."

"అదంతా ఆఫీసులో చెప్పుకోండి. నాకు కాగితంలో ఉన్నది గీయడమే పని."

తాళాలాయన స్టూలు మీద కూర్చుని ఆకురాయితో తాళంచెవి రాస్తూ, ఇదంతా పక్కింటి గొడవ విన్నట్టు విన్నాడు. "నాకూ మెయిలుందా? ఉంటే మా అల్లుడి ఫోన్లో ఉండాలి. వాడు దాన్నిండా పాటలు పెట్టుకున్నాడు" అన్నాడు. తర్వాత షట్టరు వైపు తిరిగి, "సున్నా బాగానే చుట్టాడు మేస్త్రీ. వంకర లేదు" అన్నాడు.

మేస్త్రీకి నవ్వు రాలేదు. లోపలికెళ్ళి మోటారు ముందు కూర్చున్నాడు. ఉలి ఆనించి, కాయిళ్ళ తలలు ఒక్కొక్కటే తెగ్గొట్టాడు. గాళ్ళలోంచి మాడిన రాగితీగ కొక్కెంతో లాగుతుంటే ముక్కలు ముక్కలుగా వచ్చింది. మంచి మోటారు కాలినప్పుడు తీగ అంతా ఒకే రంగుకి తిరుగుతుంది. ఒక గాడిలోనే నల్లబడి మిగతావి ఎర్రగా ఉన్నాయంటే, చుట్టినవాడి చెయ్యి ఎక్కడో జారిందన్నమాట. ఈ మోటారు అలాంటిదే. ఎవడో చేతగానివాడు చుట్టాడు. మేస్త్రీకి మళ్ళీ ప్లగ్గు గుర్తొచ్చాడు.

చేతులు గుడ్డకి తుడుచుకుని, వార్నిష్ వేలిముద్రలతో మసకబారిన ఫోను తీసి నొక్కాడు.

"ఒరేయ్, సాయంత్రం ఇంటికి రా. నీ సర్వర్లన్నీ వెంటబెట్టుకుని మరీ రా."

*

ప్లగ్గు వచ్చేసరికి మేస్త్రీ కంచం ముందున్నాడు. ఇల్లాలు తమ్ముడికి కూడా కంచం పెట్టబోయింది.

"వాడికి తర్వాత. ముందు నా మెయిల్ ఎక్కడుందో చెప్పమను" అన్నాడు మేస్త్రీ.

"పెట్టిన కంచం ముందు పంచాయితీ ఏమిటండీ. తిన్నాక చెప్తాడు."

"నేను తినలేకపోతున్నాను కదే, అందుకు."

ప్లగ్గు గోడవారగా కూర్చుని కంప్యూటరు ఒళ్ళో పెట్టుకున్నాడు. ముప్పై దాటినా ఆ కూర్చోవడం మాత్రం చిన్నప్పటిదే, కాళ్ళు రెండూ ఒకవైపుకి మడిచి.

సంగతి ఇదీ. మేస్త్రీ కొట్టు బోర్డు మీద ఫోను నెంబరు కింద ఒక మెయిల్ చిరునామా రాసి ఉంటుంది. బిల్లు పుస్తకాల మీదా అదే. మార్కెట్ ఆఫీసులో ఇచ్చిందీ అదే. అది నడిపే చిన్న కంపెనీ మూతపడేలా ఉందని, ప్లగ్గు తమ కంపెనీ సర్వర్లో మేస్త్రీకి కొత్త పెట్టె తెరిచాడు. బోర్డు మళ్ళీ రాయించడానికి మేస్త్రీ ఒప్పుకోలేదు. అందుకని పాత సర్వర్‌కి వచ్చిన మెయిల్ని అక్కడే వడగట్టి, చెత్త అక్కడే వదిలేసి, పనికొచ్చేది మాత్రం కొత్త సర్వర్‌కి పంపే ఏర్పాటు చేశాడు. అప్పులిస్తామనేవాళ్ళూ, బహుమతులొచ్చాయనేవాళ్ళూ రాకుండా పోయినందుకు మేస్త్రీ సంతోషించాడు కూడా. వైండింగులో చుట్లు లెక్కపెడుతూ ఉండగా ఫోను మోగితే లెక్క తప్పుతుంది మరి.

"నీ వడపోతే మింగేసి ఉంటుంది. ఆ చెత్తబుట్ట చూడు."

"చూశాను బావా. అందులో లేదు."

"సరిగ్గా చూడు. అప్పులోళ్ళ మధ్య ఎక్కడో ఇరుక్కుని ఉంటుంది."

"లేదు. అది వడపోత దాటింది. ఇదిగో, చిట్టాలో కనబడుతోంది. మార్కెట్ ఆఫీసు నుంచి వచ్చింది, మంచిదే అని పైకి పంపింది. కొత్త సర్వర్ తీసుకోలేదు."

"కొత్త సర్వర్ అంటే నీదేగా?"

ప్లగ్గు తల ఎత్తలేదు. "మాదే."

ఇల్లాలు నీళ్ళ గ్లాసు తమ్ముడి పక్కన పెట్టి అక్కడే నిలబడింది. మేస్త్రీ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"నాకర్థమయ్యేలా చెప్పు. కోపం తర్వాత తెచ్చుకుంటాను."

"నువ్వు ఇల్లు మారావనుకో బావా. పాతింటి వాళ్ళు మీ ఉత్తరాలన్నీ ఏరి, పనికొచ్చేవి పట్టుకుని కొత్తింటి గేటు దగ్గరికొచ్చారు. గేటు దగ్గర కాపలావాడు అడిగాడు, ఈ ఉత్తరం మీద మార్కెట్ ఆఫీసు పేరుంది, తెచ్చింది నువ్వు, నువ్వు ఆ ఆఫీసు మనిషివా? కాదు. మా ఉత్తరాలు మా మనుషులు తప్ప ఇంకెవరు తెచ్చినా దొంగవే అనుకోండని ఆ ఆఫీసువాళ్ళు ముందే చాటింపు వేశారు. దొంగ మెయిళ్ళు ఎక్కువయ్యాయని ఈ మధ్యనే అలా పెట్టారు. అందుకని కాపలావాడు తీసుకోలేదు."

"మరి మిగతావాళ్ళవి వస్తున్నాయిగా? తోటమాలి వాళ్ళ కంపెనీది మొన్నే వచ్చింది."

"వాళ్ళు అలాంటి చాటింపు వెయ్యలేదు. అందుకే నాకూ తెలీలేదు. అన్నీ వస్తున్నాయనే అనుకున్నాను."

"దీనికి మందు లేదా?"

"ఉంది. తెచ్చినవాడు తన పేరు కూడా కవరు మీద వేసుకుంటే కాపలావాడు ఒప్పుకుంటాడు. దానికి ఒక గడిలో టిక్కు పెట్టాలి. పెట్టలేదు బావా."

ఒక్క టిక్కు. షట్టరు మీద ఉండాల్సింది కూడా అదే. మేస్త్రీ ఇంతసేపూ దాచుకున్న తిట్లన్నీ నోటిదాకా వచ్చాయి. తీరా చూస్తే ఇల్లాలు తమ్ముడి వెనకే నిలబడి, అటు తిట్టేవాడివైపు కాకుండా ఇటు తిట్లు తినేవాడివైపు కాకుండా, గోడకేసి చూస్తోంది. ఆవిడ అలా చూసిందంటే రెండ్రోజులు ఇంట్లో మాటలుండవు.

"పాతింట్లో నకలైనా ఉంటుందా?"

"ఉండదు. ఆ పెట్టె చిన్నది, నిండిపోతోందని, పంపాక నకలు ఉంచొద్దని పెట్టాను."

"బాగుంది. మరి ఉత్తరం ఏమైనట్టు? గాల్లో కలిసిందా?"

"లేదు లేదు" అన్నాడు ప్లగ్గు, మొదటిసారి తల ఎత్తి. "గాల్లో కలవదు. అందని మెయిల్ రాసినవాళ్ళకే తిరుగుటపాలో పోతుంది. అందలేదు, ఫలానా కారణం అని రాసి మరీ పోతుంది. అంటే మార్కెట్ ఆఫీసుకి నీకు అందలేదని తెలుసు బావా. వాళ్ళ దగ్గర సాక్ష్యముంది."

మేస్త్రీ కంచం దగ్గరికి లాక్కున్నాడు. "వాడికి కూడా పెట్టవే" అన్నాడు.

*

మార్కెట్ ఆఫీసులో గుమాస్తా ఒకావిడ. ఉద్యోగం చివరికొచ్చినట్టుంది, కళ్ళజోడు ముక్కు మీదకి జారితే ఎత్తుకునే ఓపిక కూడా లేనట్టు దాని పైనుంచే చూస్తుంది. ఆవిడ బల్లకి మూడు బారల దూరంలో అద్దం గది, అందులో అధికారి. అద్దం గది తలుపు తీసే ఉంది.

"కొట్టు?" అంది.

"మోటారు వైండింగ్. సున్నా పెట్టారు."

"సున్నావాళ్ళు కంగారుపడక్కర్లేదు. పిలుస్తాం."

"కంగారు పడాల్సి వచ్చే పడుతున్నామమ్మా. నాకు నోటీసు అందలేదు. అందలేదని మీకూ తెలుసు. మీ దగ్గరే సాక్ష్యముంది. మా బావమరిది చెబుతాడు, వాడిదే ఈ పని."

ప్లగ్గు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. తిరుగుటపా సంగతి చెప్పాడు. ఆవిడ అంతా విని, అద్దం గదివైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"ఈ మధ్య మా సర్వరు కూడా మార్చారు నాయనా. మార్చినప్పుడు పంపినవాటి నకళ్ళు కొన్ని పోయాయి. ఎవరికి పంపామో, ఎవరికి పంపలేదో కొందరి విషయంలో మాకే తెలీదు. అలాంటివాళ్ళకే సున్నా."

"మరి తిరిగొచ్చినవి?" అన్నాడు ప్లగ్గు.

"వాటికి వేరే పెట్టె ఉంది. అది ఎవరూ తెరవరు. తెరవమని నాకెవరూ చెప్పలేదు కూడా."

"అయితే అందులో ఉంటుంది. తెరవండి."

ఆవిడ కళ్ళజోడు పైకి ఎత్తుకుంది. మేస్త్రీ ముఖంలోకి తేరిపార చూసింది. "మీరు ఇంటికెళ్ళి, నాకు మెయిల్ రాలేదు అని ఒక ముక్క రాసి తెచ్చి, నా బల్ల మీద పెట్టి పోకూడదూ? ఇంకేం రాయకుండా. మీ పక్కాయన, తాళాలాయన, అదే చేశాడు."

మేస్త్రీకి ఇలాంటి మాటలు బాగా తెలుసు. బడి మానేసి పనిలో చేరిన నాటినుంచి కౌంటర్ల ఇవతల నిలబడి విన్నవే. రాసిచ్చి పొండి, చూస్తాం, పిలుస్తాం. తాళాలాయనకి చెప్పారంటే ఆయన అమాయకుడు గనక నమ్మాడు.

"అలా రాసిచ్చిన కాగితాలు ఏ బుట్టలోకి పోతాయో నాకు తెలుసమ్మా. కాగితం వద్దు. సాక్ష్యం కావాలి."

"నిజంగా వెతకమంటారా?"

"వెతకమ్మా. నీకు పుణ్యముంటుంది."

"పుణ్యం సంగతి నాకు తెలీదు" అంది ఆవిడ. ఇంకా ఏదో అనబోయింది గానీ, అద్దం గదిలో కుర్చీ కిర్రుమంది. తిరిగి తన కంప్యూటరు వైపు జరిగింది.

పెట్టె తెరుచుకోవడానికే చాలాసేపు పట్టింది. తెరుచుకున్నాక, కిందికి జరుపుతుంటే అంతులేకుండా వచ్చాయి. నిండిపోయిన పెట్టెలు, తప్పు చిరునామాలు, ఉద్యోగాలు మానేసినవాళ్ళు, పోయినవాళ్ళు. ఇన్ని మెయిళ్ళు వెనక్కొచ్చి తలుపు కొడుతుంటే ఒక్కళ్ళూ తియ్యలేదన్నమాట అనుకున్నాడు మేస్త్రీ. ప్లగ్గు ఆవిడ భుజం మీంచి వంగి, అక్కడ ఇది కొట్టండి, ఇక్కడ అది నొక్కండి అని చెబుతున్నాడు. ఆవిడ వేలు ఒక్కోసారి మీట మీద ఆగిపోతోంది. ప్లగ్గు ఓపిగ్గా మళ్ళీ చెబుతున్నాడు.

"ఇదే బావా."

మేస్త్రీ కూడా వంగి చూశాడు. తన చిరునామా. బోర్డు మీద తను దగ్గరుండి రాయించిన అక్షరాలే. పైన ఏదో ఇంగ్లీషు పొడవునా ఉంది, కింద నోటీసు ఉన్నదున్నట్టు. చాలా రోజుల తర్వాత తప్పిపోయిన మనిషి కనిపించినట్టయింది. ప్లగ్గు భుజం మీద చెయ్యి వేసి ఒకసారి నొక్కాడు. చొక్కా మీద వార్నిష్ మరక పడింది. ఇద్దరూ పట్టించుకోలేదు.

"అచ్చు తీసి ఇవ్వండమ్మా. సారుకి చూపిస్తాం."

"నేనే ఇవ్వాలా?" అంది గుమాస్తా. అచ్చు తీసింది. ఆ కాగితం ప్లగ్గు చేతికి ఇవ్వకుండా, మేస్త్రీ చేతికీ ఇవ్వకుండా, బల్ల అంచు మీద పెట్టి కళ్ళజోడు తుడుచుకోవడం మొదలుపెట్టింది.

*

అధికారి మర్యాదస్తుడు. కూర్చోమన్నాడు. కాగితం రెండువైపులా చూశాడు.

"ఇది ఎక్కడిది?"

"మీ పెట్టెలోదే సార్. తిరిగొచ్చింది" అన్నాడు మేస్త్రీ.

"ఎలా తిరిగొచ్చింది?"

అక్కడ ప్లగ్గుకి ఉత్సాహం వచ్చింది. ఇంటి దగ్గర బావ ముందు నోరు పెగలనివాడు, ఇక్కడ పెన్ను అడిగి తీసుకున్నాడు. ఒక చిత్తుకాగితం మీద మూడు గళ్ళు గీశాడు. ఇది మీ ఆఫీసు, ఇది పాత సర్వర్, ఇది కొత్తది. ఇక్కణ్ణించి బాణం. మీరు పంపింది పాత సర్వర్ తీసుకుంది, వడగట్టింది, మంచిదేనని ముందుకి పంపింది, ఇక్కడ ఆగింది, ఇటునుంచి మీకే వచ్చింది. అంత శుభ్రంగా, అంత తేటగా ప్లగ్గు మాట్లాడగలడని మేస్త్రీకి అంతవరకూ తెలీదు. వీడు నిజంగా పనిమంతుడే అనుకున్నాడు.

అధికారి ఆ బొమ్మ తనవైపుకి తిప్పుకున్నాడు. మధ్య గడి మీద వేలు పెట్టాడు.

"మీరు మాకిచ్చిన చిరునామా ఇదేగా?"

"అదే సార్."

"మా నోటీసు ఇక్కడిదాకా వచ్చిందిగా?"

"వచ్చింది. కానీ..."

"తీసుకుందని మీరే అన్నారు. ఇక్కణ్ణించి అటు పంపుకోవడం మీ సొంత ఏర్పాటు. మీ ఇంటి గుమ్మంలో పడిన ఉత్తరాన్ని మీరు ఏ గదిలోకి తీసుకెళతారో మేమెలా చూస్తాం?"

"కానీ అందలేదని మీకు తెలిసింది కదా సార్. మీకే తిరిగొచ్చింది" అన్నాడు మేస్త్రీ.

"చదివితే తెలిసేది. ఆ పెట్టె చదవమని ఎక్కడా లేదు." అధికారి గొంతులో కోపం లేదు. నిజంగానే అర్థమయ్యేలా చెప్పాలన్నట్టు కొంచెం ముందుకి వంగాడు. "చూడండి మేస్త్రీగారూ. గదులు తక్కువ, కొట్లు ఎక్కువ. నోటీసు పంపినట్టు మా దగ్గర ఆధారం లేనివాళ్ళకి మళ్ళీ పంపాలి, వాళ్ళకి గది ఆపాలి, అది మా బాధ్యత. మీరు కూడా ఇప్పటిదాకా ఆ వరసలోనే ఉన్నారు. ఆధారం ఉంటే జవాబివ్వాల్సిన గడువు అయిపోయినట్టే. మీ విషయంలో ఇదిగో, ఆధారం మీరే తెచ్చారు."

ప్లగ్గు చేతిలో పెన్ను ఇంకా ఉంది. దాన్ని బల్ల మీద పెట్టాలో జేబులో పెట్టాలో తెలీనట్టు చూస్తున్నాడు.

"ఆ కాగితం ఇచ్చెయ్యండి సార్" అన్నాడు మేస్త్రీ. "చూపించలేదనుకోండి. నేనూ ఒక ముక్క రాసిస్తాను, రాలేదని."

"అదెలా కుదురుతుంది? నేను చూశానుగా."

అధికారి కాగితానికి చిల్లు పొడిచి ఫైలులో గుచ్చాడు. తర్వాత ప్లగ్గు వేసిన బొమ్మ కూడా తీసి, దాని వెనకే గుచ్చాడు.

బయటికి వస్తుంటే గుమాస్తా తల ఎత్తలేదు. మేస్త్రీ ఆవిడ బల్ల దగ్గర ఆగాడు. ఏదో అందామని ఆగాడు. ఆవిడ చెప్పింది విననందుకు ఆవిణ్ణి తిట్టలేడు. చెప్పినందుకు పొగడనూలేడు.

"నేను సాగదీద్దామని చూశాను" అంది ఆవిడ, కంప్యూటరుకేసి చూస్తూనే. "ఆ అబ్బాయి బాగా వెతికాడు."

*

ఎర్ర రంగువాడు మళ్ళీ వచ్చాడు. సున్నా చెరపలేదు. దాని లోపలే ఇంటూ పెట్టాడు. తాళాలాయన సున్నాలోనేమో చక్కగా టిక్కు పెట్టాడు.

తాళాలాయన ఆకురాయి పక్కన పెట్టి, మొట్టమొదటిసారి స్టూలు మీంచి లేచి వచ్చాడు. "మా అల్లుడు చూశాడు మేస్త్రీ. వాడి ఫోన్లో ఉంది నోటీసు. ఎప్పుడో వచ్చి, చదవకుండా పడుంది" అన్నాడు గుసగుసగా. "ఎవరితో అనకు."

"అనను."

"నేనసలు వెతకనే లేదు."

"తెలుసు."

ఆయన వచ్చి బెంచీ రెండో కొస పట్టుకున్నాడు. వైండింగ్ మిషను మరలు ప్లగ్గు విప్పుతున్నాడు. ఉద్యోగానికి సెలవు పెట్టి పొద్దున్నే వచ్చేశాడు. వెంట వాన పడితే సామాను మీద కప్పే టార్పాలిన్ పట్టా ఒకటి తెచ్చాడు. మరలు తుప్పుపట్టి రావడం లేదు. స్పానరు జారి వేళ్ళు కొట్టుకున్నా కిక్కురుమనడం లేదు. అతన్ని చూస్తూ మేస్త్రీ నోటికొచ్చే తిట్టేదైనా ఉందా అని వెతుక్కున్నాడు. ఒక్కటీ దొరకలేదు. తిడితే తిన్నగా వెళ్ళి తగలాల్సినవాడు ఒక్కడుండాలి. టిక్కు పెట్టనివాడొకడు, పెట్టె తెరవనివాళ్ళు కొందరు, తెరిపించిందేమో తను.

"నూనె వెయ్యరా. అలా విప్పితే మరకి గాడి పోతుంది" అన్నాడు.

"నిన్న రాత్రి ఆ టిక్కు పెట్టేశాను బావా" అన్నాడు ప్లగ్గు తల వంచుకునే. "ఇక మార్కెట్ ఆఫీసువి కూడా వస్తాయి."

వచ్చింది కూడా. మధ్యాహ్నం ఫోను మోగింది. పాత సర్వర్ తీసుకుంది, వడగట్టింది, మంచిదేనని ముందుకి పంపింది, కొత్త సర్వర్ లోపలికి రానిచ్చింది. ఖాళీ చేసి జాగా అప్పగించమని మార్కెట్ ఆఫీసు మెయిల్. ఇల్లాలు అక్కడే ఉంది, మొగుడికీ తమ్ముడికీ గిన్నెలో అన్నం తెచ్చింది. మెయిల్ చదివి వినిపించమని మేస్త్రీ అడగలేదు. ఆవిడే చదివి, ఫోను కొంగుతో తుడిచి ఇచ్చింది.

సాయంత్రం జాగా కొలుచుకోవడానికి ఆఫీసు మనిషి వచ్చాడు. కొట్టు అప్పటికి ఖాళీ. బెంచీ ఉన్నచోట నాలుగు కాళ్ళ గుర్తులు తెల్లగా, మిగతా నేలంతా వార్నిష్‌తో నల్లగా ఉంది. టేపు ఒక కొస ప్లగ్గు పట్టుకున్నాడు. ఆఫీసు మనిషి ముందువైపు కొలిచి, లోపలికి కొలిచి, తొమ్మిది పద్నాలుగులు నూట ఇరవై ఆరని రాసుకోబోయాడు.

"అంత లేదు" అన్నాడు మేస్త్రీ.

"టేపు చెబుతోందిగా."

"వెనక మూల చూడు. వాన గొట్టం దిగిన చోట దిమ్మ కట్టారు. అడుగున్నర అటు, అడుగున్నర ఇటు. అది ఎప్పుడూ నాది కాదు. రెండుంపావు తీసెయ్."

ఆఫీసు మనిషి వెళ్ళి మూల చూసి వచ్చాడు. రాసింది కొట్టేసి, మళ్ళీ రాసి, మేస్త్రీ చేత కింద సంతకం పెట్టించాడు. నూట ఇరవై మూడుముప్పావు చదరపు అడుగులు.